మంచి పేరు పోతే పోనివ్వండి

నేను చెప్పబోయేవి మీ ఇంట్లో పెద్దలు ఒప్పుకోరు. సర్దుకుపోవాలని, నలుగురి నోళ్లలో పడకూడదని చెప్పే కదా మనల్ని పెంచారు. బడి సీటు కోసం, ఉద్యోగం కోసం, రావాల్సిన కూలి కోసం తిరిగేవాళ్లకు అర్జీలు రాసిపెట్టడం నా పని. సర్దుకుపోయినవాళ్ల కాగితాలు ఏళ్ల తరబడి ఆఫీసు బీరువాల్లో మగ్గడం కళ్లారా చూశాను. అందుకే ఈ తలకిందుల సలహాలు.

నోటిమాట విని వెనక్కి రాకండి. ఒక జూన్ నెలలో, కూలికి వెళ్లే ఒకావిడ ఆరేళ్ల కూతుర్ని బడిలో వేయడానికి వెళుతుంటే నేనూ తోడు వెళ్లాను. పిల్లకు తలంటి, నూనె రాసి, ఎర్ర రిబ్బన్లతో జడలు వేసి తెచ్చింది. గుమస్తా రిజిస్టరులోంచి తలెత్తకుండానే, "బర్త్ సర్టిఫికెట్ లేదా? తెచ్చుకుని వచ్చే ఏడు రా" అన్నాడు. ఆవిడ "సరే సారూ" అని పిల్ల చెయ్యి పట్టుకుని అప్పుడే గుమ్మం దాటేసింది. వెనక్కి పిలిచి, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వమని అడగమన్నాను. గొంతు వణుకుతున్నా అడిగింది. అతను పెన్ను తీశాడు, మళ్లీ మూత పెట్టాడు, హెడ్మాస్టరు గదిలోకి వెళ్లొచ్చాడు. పిల్ల పేరు ఆ పూటే రిజిస్టరులో ఎక్కింది.

వయసు రుజువు లేదని ఏ పిల్లనీ చేర్చుకోకుండా పంపకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. గడువు దాటిందన్నా చెల్లదు. చేర్చుకోవడానికి పిల్లకో, తల్లిదండ్రులకో పరీక్ష పెడితే మొదటిసారి పాతిక వేల రూపాయల దాకా జరిమానా. ఈ చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆవిడకి ఆ సంగతి చెప్పినవాళ్లే లేరు!

అర్జీ ఇచ్చి దండం పెట్టి వచ్చేయకండి. రెండు ప్రతులు పట్టుకెళ్లండి. ఇన్‌వార్డులో ముద్ర, తేదీ, నంబరు వేయించుకుని ఒకటి మీ దగ్గర దాచుకోండి. "మా మీద నమ్మకం లేదా?" అంటారు. ఉందని చెప్పి ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ కనిపించకుండా పోతే మీరు అసలు ఇవ్వనట్టే లెక్క.

పక్కవాళ్ల జీతం అడగండి. మర్యాద కాదంటారు, అననివ్వండి. నాట్లకు వెళ్లిన ఆడవాళ్లు గట్టు మీద సద్ది తింటూ లెక్క చూసుకుంటేనే కదా, అదే చేలో మగవాళ్లకు ఎంత ఎక్కువ ముడుతోందో తెలిసేది. ఒకే పనికి ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి అని 1976లోనే చట్టం వచ్చింది. ఒక్కతే అడిగితే మర్నాడు పనికి పిలవరన్న భయం ఉత్తిది కాదు. కాబట్టి పదిమందీ కలిసి అడగండి. ఉద్యోగాల లెక్కలూ అలాగే అడగండి. ప్రభుత్వ ఉద్యోగం చేజారితే కటాఫ్ ఎంత, రిజర్వేషన్ల రోస్టర్ ఎలా నింపారు అని సమాచార హక్కు చట్టం కింద రాయండి. ఫీజు పది రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.

"మన కోటా మనకుంది, చాల్లే" అన్న మాట చెవికెక్కించుకోకండి. ఓపెన్ కేటగిరీని ఎవరి కులానికీ రాసివ్వలేదు. మార్కులుంటే ఎస్సీ, ఎస్టీ, బీసీ ఎవరైనా అందులోకి వస్తారని 2020లో సౌరవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు మరోసారి తేల్చింది. ఓపెన్‌లో రావాల్సిన అమ్మాయిని కోటాలో లెక్కగడితే, ఆ కోటాలో ఆమె వెనకున్న పిల్ల నష్టపోతుంది.

ఓడిపోతామేమోనని ఆగకండి. సి.బి. ముత్తమ్మ 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ. ఆ సర్వీసులో ఆడ అధికారి పెళ్లికి ప్రభుత్వం నుంచి రాతపూర్వక అనుమతి కావాలని నిబంధన ఉండేది. తనకు పదోన్నతి ఇవ్వలేదని ఆవిడ ప్రభుత్వం మీదే సుప్రీంకోర్టుకెక్కింది. కేసు నడుస్తుండగానే పదోన్నతి ఇచ్చేశారు, దాంతో 1979లో పిటిషన్ కొట్టేశారు. అయినా అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ అలాంటి నిబంధనల్ని తూర్పారబట్టి, సర్వీసు రూల్సులో ఆడవాళ్లపై ఉన్న వివక్షను తొలగించాలన్నారు.

ఇవన్నీ ఒంటరిగా చేయడం కష్టం. చదువుకున్నవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ బిడ్డను బడిలో వేసే రోజున ఒక పూట సెలవు పెట్టి వెంట వెళ్లండి. పక్కన మీరు నిలబడితే గుమస్తా తలెత్తి మాట్లాడతాడు.