గోకరకాయ పల్లీల కూర: చెడగొట్టే పద్ధతి

ఇంటావిడ పుట్టింటికి పోయింది. గరిటె మీ చేతికొచ్చింది. కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా ఏ మగవాడికైనా ఏదో ఒకనాడు ఈ ఆపద తప్పదు. కంగారు పడకుండా గోకరకాయ (అదే, గోరుచిక్కుడు) పల్లీల కూర ఎంచుకోండి. పావుకిలో కాయ, పిడికెడు పల్లీలు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, ఉప్పు, కారం. ఇంత సులువైన కూరను చెడగొట్టినవాడికి ఇక ఏ వంటా అప్పజెప్పరు.

1. ముదురుకాయే కొనండి. వంచితే టక్కున విరిగే లేతకాయ జోలికి పోవద్దు. వంగుతుందే తప్ప విరగనిది, గింజలు ఉబ్బినది మనకు కావాలి. ఎవరైనా అడిగితే ‘గింజలోనే బలం’ అనండి. ఆ గింజల నుంచే గోరుచిక్కుడు జిగురు తీస్తారు. అమెరికాలో రాతిపొరలు చీల్చి గ్యాస్ తీసే బావుల్లోకి పంపే నీళ్లు చిక్కబడేది దానితోనే. ఆ గిరాకీకే 2012లో రాజస్థాన్‌లో గోరుచిక్కుడు గింజల ధర ఆకాశాన్నంటింది. బండరాళ్లను చీల్చే పనికొచ్చింది మన కడుపులో ఊరికే ఉంటుందా?

2. నార తీయకండి. రెండు కొసలూ తుంచి, ఈనె లాగుతూ కూర్చుంటే పొద్దుపోతుంది. తిన్నాక పళ్ల సందుల్లోంచి ఎవరి నార వాళ్లే లాక్కుంటారు.

3. చింతపండు రసం మొదట్లోనే పోయండి. పులుపు తగిలిన కాయ ఓ పట్టాన మెత్తబడదు. పైన మూత బిగించండి. పులుపు, వేడి కలిసి ఆకుపచ్చను ఎండుగడ్డి రంగుకు తెస్తాయి. రంగు మీద మరీ మమకారముంటే చెంచాడు వంటసోడా వేయండి. ఉత్త నీళ్లలో వేస్తే కాయ పచ్చగానే ఉండి గుజ్జవుతుంది, బి1 విటమిన్ కూడా పోతుంది. చింతపండు రసంలో వేస్తే పొంగి పొయ్యి మీద పడుతుంది. ఉడికిన నీళ్లు మాత్రం వంపకండి, వగరంతా అందులోనే ఉంది.

4. పల్లీలను పెద్దమంట మీద వేయించండి. మూకుడు పొగలు కక్కేటప్పుడు వేసి, ఫోన్ పట్టుకుని వాకిట్లోకి పోండి. పైన మాడి, లోపల పచ్చిగా ఉంటాయి. పొయ్యి ఆపినా మూకుట్లోనే వదిలేయండి, ఆ వేడికి మాడుతూనే ఉంటాయి. పల్లీల్లో దాదాపు సగం నూనే. కాబట్టి వేడిమీదే మిక్సీలో వేసి ఆపకుండా తిప్పితే పొడి ముద్దవుతుంది.

5. ఆ ముద్దను ఉడుకుతున్న నీళ్లలో కలిపేయండి. చివర్లో చల్లితే కూర పొడిపొడిగా ఉంటుంది. గోదావరిఖని బొగ్గుగనుల్లో మొదటి షిఫ్టుకు పోయేవాళ్ల డబ్బాలో మధ్యాహ్నం దాకా నిలుస్తుంది కూడా. మనకెందుకా గొడవ? మొదట్లోనే కలిపితే చక్కగా అడుగంటుతుంది.

6. నెపం సిద్ధంగా ఉంచుకోండి. అత్తమ్మ ముఖం చిట్లిస్తే ‘ఆదిలాబాద్ మరాఠీవాళ్లు గిట్లనే చేస్తరు అత్తమ్మా’ అనండి. వాళ్లు ఈ కాయను గవార్ అంటారు, వాళ్లూ పల్లీల పొడి వేసి జొన్నరొట్టెతో తింటారు గనక అబద్ధం అతుకుతుంది. మరాఠీవాళ్లే భోజనానికొస్తే ‘ఇది కరీంనగర్ పద్ధతి’ అనండి.

హెచ్చరిక: ఏమరుపాటున ఈ కింది విధంగా మాత్రం చేయకండి. లేతకాయ కొని, నార తీసి, ముక్కలను ఉప్పునీళ్లలో మూత లేకుండా ఉడికించి వంపడం. పల్లీలను సన్నమంట మీద కలుపుతూ వేయించి, చల్లారాక పొట్టు తీసి, ఎల్లిపాయ, కారంతో బరకగా దంచడం. జీలకర్ర పోపులో ముక్కలు మగ్గాక పొడి చల్లి, రెండు నిమిషాల్లో దించడం. ఇలా చేస్తే కూర కుదిరి తీరుతుంది. కుదిరిందా, మీ పని అయిపోయినట్టే. మీ ఇంటావిడ కూడా పెళ్లయిన కొత్తలో ఒకపూట ఇలాగే కుదిరేలా వండింది. మీరు ‘మంచిగున్నది’ అన్నారు. ఆనాటి నుంచి ఆ పొయ్యి దగ్గరికి మరొకరు పోలేదు.