చూరు మీది పెంకుని

బొల్లారంలో ఒక పాత బంగళా చూరు మీద ఉన్న మంగుళూరు పెంకుని నేను. చాలామంది నన్ను బెంగుళూరు పెంకు అంటారు గానీ ఆ ఊరితో నాకు చుట్టరికం లేదు. నా ఒళ్లు నేత్రావతి ఒడ్డు బంకమట్టి. 1865లో మంగుళూరులో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టింది బాసెల్ మిషన్ వాళ్లు. క్రైస్తవంలో చేరి కులవృత్తికి దూరమైనవాళ్లకు బతుకుతెరువు చూపాలని ఆ మిషన్ అలాంటి పనిశాలలు నడిపింది. అంటే చర్చి గంట వినకముందే నేను చర్చి మనుషుల చేతుల్లో పుట్టాను. నన్ను తిరగేసి చూస్తే అచ్చుగుద్దిన వాళ్ల పేరు ఇప్పటికీ వేలికి తగులుతుంది.

బొల్లారం సికింద్రాబాద్‌లోది. 1806లో నిజాం సికిందర్ జా పేరు పెట్టుకున్న ఈ దండు ఊరికి 1874లో వాడి స్టేషన్ నుంచి రైలు పడింది. మాలాంటి బరువు సరుకుకు అప్పుడే దారి సులువైంది.

గూనపెంకుల్లా మమ్మల్ని ఒకదాని మీద ఒకటి బోర్లించరు. నా వెనక ఒక ముక్కు, అంచున ఒక గాడి ఉంటాయి. ముక్కు వాసాల మీది రీపరు కర్రకు తగులుకుంటుంది, గాడిలో పక్కదాని అంచు ఒదుగుతుంది. సున్నం అక్కర్లేదు, మేకు అక్కర్లేదు. వాన గాడి వెంట చూరుకు జారిపోతుంది, ఎండాకాలం వేడిగాలి సందుల్లోంచి పైకి పోతుంది. మా కింద ఎత్తైన గోడలు, చుట్టూ వరండా, దూరంగా వంటిల్లు. తెల్లదొరలు కట్టించుకున్నా ఈ ఎండకు తగిన ఇల్లే అది.

చూరు చివరన ఉన్నాను గనుక హోలీ ట్రినిటీ చర్చి గోపురం నాకు బాగా కనబడుతుంది. 1847 నాటిది, నాకంటే పెద్దది. విక్టోరియా రాణి సొంత సొమ్ముతో కట్టించిందనీ, స్థలం నిజాం ఇచ్చాడనీ చెబుతారు. దాని రంగుటద్దాల అందం వరండాలో కూర్చున్నవాళ్ల మాటల్లో వినడమే. పగటిపూట బయటి నుంచి చూసే నాకు ఆ కిటికీలు నల్లగానే ఉంటాయి.

1983 నవంబర్ 20, ఆదివారం. ఆ రాణి వంశంలోని రెండో ఎలిజబెత్, భర్త ఫిలిప్‌తో కలిసి అక్కడి ప్రార్థనకు వచ్చింది. అది వాళ్ల 36వ పెళ్లిరోజు. మా వరండా ఆ పొద్దు ఖాళీ, ఇంటిల్లిపాదీ రోడ్డు మీదే.

చర్చి నిలబడింది. ప్రతి ఆదివారం అందులోకి మనుషులు వస్తారు, ఎక్కడ చెమ్మ పట్టినా ఎవరో ఒకరి కంట పడుతుంది. మా బంగళాలకు ఆ కన్ను కరువైంది. కోతి దూకుతుంది, ఒక పెంకు పక్కకు జరుగుతుంది. వేలెడు సందు. ఆ సందులోంచి రెండు వానాకాలాలు కారితే రీపరు పుచ్చుతుంది, తర్వాత వాసం వంతు. అప్పుడు ఇంటివాళ్లు ‘పాత ఇల్లు, ఇక ఆగదు’ అంటారు. మా పక్క బంగళా అలాగే పోయింది. దాని టేకు దూలాలు ఒక లారీలో, నా తోటి పెంకులు ఇంకో లారీలో వెళ్లాయి. అది ముసలితనంతో పోలేదు. సమయానికి ఒక మనిషి పైకెక్కనందువల్ల పోయింది.

పైకెక్కే మనిషికీ పని తెలియాలి. రెండు పెంకులు కలిసేచోట, కింద రీపరు ఉన్నచోట మెల్లగా అడుగు వేయాలి. నడుమ కాలు పెడితే నేను విరుగుతాను.

మీ ఇంటి మీద మేముంటే తొలకరికి ముందే ఒకసారి సర్దించండి. విరిగినవాటి బదులు పాతసామాన్ల కొట్లో మాలాంటివి దొరుకుతాయి. కొనేముందు వేలిమడతతో కొట్టి చూడండి. ఖంగుమంటేనే తీసుకోండి.