బీకేఎఫ్ ఫైలు ఆత్మకథ

నన్ను పుట్టించింది విండోస్ ఎక్స్‌పీలోని ఎన్‌టీబ్యాకప్. విజయవాడలో ఒక డీటీపీ షాపు కంప్యూటర్‌లోని సి డ్రైవు మొత్తాన్ని అది ఒకే ఫైలుగా చుట్టి, చివర బీకేఎఫ్ అని తగిలించింది. పేజీమేకర్‌లో కట్టిన పెళ్లి కార్డులు, కరపత్రాలు, కవితా సంపుటాలు, వాటికి ప్రాణమైన అను ఫాంట్లు అన్నీ నాలోనే ఉన్నాయి. నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలు ఫ్యాట్32లో పట్టదు. అందుకే బయటి హార్డ్‌డిస్కును ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసి మరీ నన్ను అందులో పెట్టారు.

షాపులోకి విండోస్ 7 వచ్చాక చాలాకాలం ఎవరికీ నాతో పని పడలేదు. కీర్తిశేషులైన ఒక తెలుగు మాస్టారి శతకాన్ని మళ్లీ అచ్చు వేయించాలని వాళ్లబ్బాయి వచ్చాడు. అప్పుడు నన్ను బయటికి తీశారు. డబుల్ క్లిక్ చేస్తే, దేనితో తెరవమంటారని విండోస్ ఎదురు అడిగింది. దాని సొంత బ్యాకప్ ప్రోగ్రాముకి నా ఫార్మాట్ తెలియదు. 2007లో జనంలోకి వచ్చిన విస్టాతోనే ఎన్‌టీబ్యాకప్ కథ ముగిసింది మరి.

"ఫైలు పాడైపోయింది బాబాయ్, పద్యాలన్నీ మళ్లీ టైపు కొట్టుకుందాం" అన్నాడు షాపులో పనిచేసే కుర్రాడు. ఆ మాటకు విలవిల్లాడాను. తెరుచుకోనంత మాత్రాన ఫైలు పాడైనట్టేనా? ఆ తొందరలో నిక్షేపంలాంటి బ్యాకప్‌లను చెరిపేసేవాళ్లున్నారు.

షాపు యజమాని నిదానస్తులు. "ముందు దీనికో కాపీ తియ్యరా. లోపలేముందో తర్వాత చూద్దాం" అన్నారు. హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొట్టమొదటే నాలుగు ఇంగ్లిషు అక్షరాలు కనబడ్డాయి: టీ, ఏ, పీ, ఈ. బ్యాకప్ అంటే టేపే అనుకునే కాలంనాటి ఫార్మాట్ నాది, డిస్కు మీద ఉన్నా ఆ ముద్ర చెరగదు. తల భాగం చెక్కుచెదరలేదని తేలాక వాళ్ల వెతుకులాట దారిన పడింది. బీకేఎఫ్‌లను రిస్టోర్ చేయడానికే పనికొచ్చే యుటిలిటీ విండోస్ 7కి విడిగా దొరికింది.

అందులో నా జాబితా రాగానే కుర్రాడు అన్నిటికీ టిక్కులు పెట్టబోయాడు. యజమాని చెయ్యి పట్టుకుని ఆపారు. "పాత రిజిస్ట్రీ తెచ్చి దీనిమీద పోస్తే ఉన్న విండోస్ కూడా పోతుంది. మన ఫోల్డర్లు చాలు. అవి కూడా పాత చోటికి కాదు, వేరే ఫోల్డర్‌లోకి తియ్యి."

శతకం వచ్చింది. పేజీమేకర్‌లో తెరిస్తే పద్యాలు లేవు, అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే! ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు తెలుగులా కనబడదు. అవీ నా దగ్గరే ఉన్నాయి, పాత విండోస్ ఫోల్డరు లోపలి ఫాంట్స్‌లో. వాటిని తీసి ఇన్‌స్టాల్ చేశాక మొదటి సీసం మకుటంతో సహా తెరమీదికి వచ్చింది. ఆ క్షణాన నా పుట్టుకకు ఫలం దక్కిందనిపించింది.

యుటిలిటీనీ ఫాంట్లనూ నా పక్కనే, అదే డిస్కులో కాపీ చేశారు. నన్ను దేనితో తెరవాలో ఒక చీటీ రాసి డిస్కు మీద అంటించారు. శతకం ప్రూఫులు మాస్టారి అబ్బాయి చేతికి వెళ్లాయి.