ప్రాకారరాయడు

కోస్తా పట్టణములలో ఐదు సెంట్ల స్థలమును, అందొక డాబాను, డాబా వెనుక నాలుగు అరటి పిలకలు గల పెరటిని సంపాదించుకొని, ఉద్యోగ విరమణానంతరము శేషజీవితమును ఆ పెరటి హద్దుల పరిరక్షణకే ధారవోయు మహనీయుడు వీధికొకడు చొప్పున ఉండును. ఇతనికి ప్రాకారరాయడని నేను పెట్టిన పేరు.

లోకమంతయు పనులు మానుకొని తన పెరటిలోనికే తొంగిచూచుచున్నదని ఇతని ప్రగాఢ విశ్వాసము. అందు చూడదగినదేమున్నదని అడుగుట అమర్యాద. ఒక తులసికోట, ఒక దండెము, దానిపై ఎన్ని ఉతుకులకును తెలుపెక్కని రెండు బనీనులు. ఈ రహస్యనిధిని కాపాడుటకై మా వీధి రాయడు మొదట తాటాకు దడి కట్టించెను. అది చెదలపాలు కాగా గోరింట నాటెను. ఆ గోరింటను ఆషాఢమాసమున వీధి ఆడపిల్లలు నిశ్శేషముగా దూసికొనిపోగా, అశోకవృక్షములని నర్సరీవాడు అంటగట్టిన నరమామిడి మొక్కలను మూరెడెడముగా పాతించెను. అవియు మొదళ్ళు బోసిపోయి ఆకాశమునకు మాత్రమే మరుగు కల్పించుటచే, తుదకు ఇండ్లు కట్టుచోట వ్రేలాడదీయు ఆకుపచ్చని వలను తెచ్చి నిలువెత్తున బిగించెను.

అంతలో పొరుగువాడు గోడవారగా ఒక రేకుల షెడ్డు వేసెను. అందున్నవి కొబ్బరి డొక్కలును, చక్రము లేని సైకిలును. రాయడు మాత్రము అందొక దుర్గమును చూచెను. అరువదియారడుగుల నిడివియు నూరు లింకులును గల సర్వే గొలుసు నొకదానిని ఎచ్చటనో సంపాదించి, ప్రతి ఆదివారమును సర్వేరాయి మొదలుకొని కొలుచును. గొలుసు సాగినదని పొరుగువాడును, షెడ్డు సాగినదని ఇతడును వాదించుకొందురు.

ఇతనికి కంఠస్థమైన గ్రంథము 1882వ సంవత్సరపు ఈజుమెంట్ల చట్టము. ఇరువది యేండ్లు నిరాటంకముగా అనుభవించిన వెలుతురుపై ఇంటివానికి హక్కు సిద్ధించునని అందున్నది గదా, షెడ్డు మూలమున తన వంటయిల్లు చీకటి కొట్టమైనదని ఇతని ఫిర్యాదు. ఆ చీకటికి కారణము స్వయముగా తాను కట్టిన వలయేనని ఇల్లాలు ఎరుగును, చట్టము ఎరుగదు. పొరుగింటి మరుగునకు భంగము కలుగునట్లు క్రొత్త కిటికీ తెరువరాదను ఆచారము గల ఊరిని గూర్చి పదునెనిమిదవ సెక్షనులో ఒక ఉదాహరణమున్నది. షెడ్డుకు కిటికీయే లేదు. అయినను, ముందుముందు పెట్టవచ్చునను దూరదృష్టితో రాయడు ప్లీడరుచేత నోటీసు ఇప్పించెను. మా ఊరిలో అట్టి ఆచారము కలదా యని ప్లీడరు అడుగగా, "ఇవాళ్టినుంచి ఉందని రాయండి" అనెనట.

ఇట్లు మగవారు సమరసన్నద్ధులై యుండగా, ఆ వల యొక్క మూల చెంగు మాత్రము ఎన్నడును ముడిపడియుండదు. "వదినగారూ, పులుసు చల్లారిపోతోంది, అందుకోండి" అను పిలుపుతో ఒక గిన్నె ఇటు వచ్చును. సాయంకాలమునకు అదే గిన్నెలో రెండు మునక్కాడలు అటు పోవును. భోజనవేళ ఆ పులుసును రెండుమారులు వడ్డించుకొను రాయడు దాని జన్మస్థానమును గూర్చి ప్రశ్నించిన దాఖలా లేదు. మహావీరులకు ఆకలి వేరు, అభిమానము వేరు.

నిరుడు వేసవిలో పాత వలచుట్టలును, వెదురుబొంగులును, తాటాకు కట్టలును, గొలుసును పెట్టుకొనుటకు ఇంట చోటు చాలక, రాయడు సరిగా గోడనానించి తానే నాలుగు రేకులు వేయించెను. పొరుగువాడు వల ప్రక్కగా తల పెట్టి, మిక్కిలి వినయముగా అడిగెను:

"అన్నయ్యగారూ, మరి ఈ షెడ్డు చూరు నీళ్ళు ఎటు పడతాయండీ?"

"షెడ్డెక్కడిది తమ్ముడూ? ఇది దడి. కాస్త వెడల్పు దడి."