బెండకాయ నీళ్ల సందేశము: సటీకా తాత్పర్యము

మూలము

"బెండకాయలు చీల్చి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పరగడుపున తాగితే షుగర్ పరార్!

వచ్చింది వచ్చినట్టు పంపుతున్నాను. నిజమో కాదో తెలీదు. ఎవరికైనా ఉపయోగపడుతుందని." (పిమ్మట రెండు దండముల బొమ్మలు.)

అవతారిక

ఒకానొక కుటుంబ వాట్సాప్ గ్రూపునందు జూలై మాసమున, తెల్లవారుజామున ఐదుంబావుకు వెలువడిన వచనమిది. పంపినవారు పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. గ్రూపులో ముప్పాతిక మందికి పెదనాన్న. మొదటి వాక్యము జంట బాణములతో వచ్చినది. ఒంటి బాణమున్నచో ఎవరో పంపగా వచ్చినదనియు, జంట బాణములున్నచో ఐదు చేతులో అంతకు మించియో మారి వచ్చినదనియు వాట్సాప్ సంప్రదాయము. దీనికి కర్త ఎవ్వరో ఎవ్వరును ఎరుగరు గనుక అపౌరుషేయమనుట తగును. తక్కిన మూడు వాక్యములును మాస్టారు కళ్లద్దములు నొసటికెత్తి ఒంటి వ్రేలితో కొట్టినవి. టీకకు నిజముగా అర్హమైనవి ఇవియే.

ప్రతిపదార్థము

బెండకాయలు = మాస్టారు జన్మలో నోటపెట్టని కూరగాయలు; చీల్చి = నిలువుగానో అడ్డముగానో చీల్చి (ఈ విషయమై అత్తయ్యల నడుమ రెండు మతములు కలవు); షుగర్ = మధుమేహము; పరార్ = పారిపోవును (ఎచటికో చెప్పబడలేదు); వచ్చింది వచ్చినట్టు = పూచీ నాది కాదు; పంపుతున్నాను = ఐనను పంపినది నేనే; నిజమో కాదో తెలీదు = తెలిసికొనుట కష్టము కాదు గాని, తెలిసినచో పంపుటకు వీలుండదు; రెండు దండములు = ఇక వాదము వలదు; ఎవరికైనా = దీని అర్థము ముందు చెప్పబడును.

విశేషములు

మెదక్ సీమలోని కొల్చారము వాడైన మల్లినాథసూరి, మూలము లేనిది వ్రాయననియు అక్కరలేనిది పలుకననియు ఒట్టు పెట్టుకొని కాళిదాస కావ్యములకు వ్యాఖ్య చెప్పెను. ఆ మహానుభావుడు ఈ గ్రూపులో నుండినచో పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప వేరేమియు పెట్టగలిగెడివాడు కాడు.

శంక: బెండకాయ నీళ్లతో షుగర్ పోవునా?

సమాధానము: డాక్టరు వ్రాసిన మాత్రలు మానుకొనునంతటి ఋజువు లేదు. ఐనను ఇచట పరీక్షకు వచ్చినవి నీళ్లు కావు, పంపిన చేయి.

ఆ చేయి ఏల పంపెను? పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు కావ్యమునకు ఆరు ప్రయోజనములు చెప్పియున్నాడు: కీర్తి, ధనము, లోకవ్యవహార జ్ఞానము, కీడు తొలగుట, తత్క్షణానందము, ప్రియురాలి మాట వంటి ఉపదేశము. ఫోనునుండి పోవు సమస్తమునకు ఇవి కొలిచి కుట్టినట్లు సరిపోవును.

ఋషికొండ తీరమున దిగిన ఫొటోను స్టేటస్‌గా పెట్టిన మేనకోడలిది శుద్ధ కీర్తి ప్రయోజనమని పైకి తోచును. అది 24 గంటలలో చెరిగిపోవు కీర్తి గనుక, చూచినవారి పట్టీని ఆమె మాటిమాటికి తెరచును. పట్టీ పొడవునకు సంతోషించునా అన్న, లేదు. ఒక్క పేరు కొరకు వెదకును. అది కనబడినచో స్టేటస్ ఫలించినట్లే. తక్కినవారందరు పెండ్లిలో బాజాభజంత్రీల వంటివారు. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను, మాస్టారి విషయమున మరల అక్కరకు వచ్చును.

ధన ప్రయోజనము ప్లాట్లు అమ్ము బావగారిది. విస్తరింప నక్కరలేదు.

కీడు తొలగుటకు మమ్మటుడు మయూరుని ఉదాహరించెను. సూర్యశతకము చెప్పి ఆ కవి రోగము పోగొట్టుకొనెనని ప్రతీతి. పదకొండు మందికి పంపనిచో అనర్థమని బెదరించు సందేశములు ఈ శాఖలోనివే. ఐతే మయూరుడు నూరు శ్లోకములు వ్రాయవలసి వచ్చెను. పిన్నిగారికి బొటనవ్రేలు చాలును.

మాస్టారు ఈ పంక్తులలో దేనికి చెందును? కొందరు కీర్తి యందురు, అందరికంటె ముందు పెట్టవలెనను ఆత్రముండుటచేత. అది సమంజసము కాదు. ఇదే సందేశము మొన్ననే తోడల్లుడు పెట్టియుండెను. మాస్టారు దానిని చూచి దండము కూడ పెట్టిరి. చూచి, మరల పంపిరి.

జంట బాణముల సందేశమును ఒక మారు ఒక్క చోటికే పంపవలెనని 2020 ఏప్రిల్‌లో వాట్సాప్ కట్టడి చేసినది. అంతకు పూర్వము, 2018 నుండి మన దేశమున హద్దు ఐదు. వదంతులను ఆపుటకు పెట్టిన ఈ నియమము వ్యాఖ్యాతలకు గొప్ప మేలు చేసెను. ఎచటికి పంపుదువని ఎవరినైనను ఇంతకుమున్ను ఇంత సూటిగా నిలదీసినవారు లేరు. మాస్టారు గ్రూపును ఎన్నుకొనిరి. గ్రూపులో నలుబది మంది. ఆ నలుబదిలో ఎవరికొరకు?

ఇచట గడియారమే ప్రమాణము. ఐదుంబావు అనగా డాలస్ నగరమున ముందునాటి సాయంత్రము ఆరుముప్పావు. మాస్టారి కుమారుడు ఆఫీసునుండి ఇల్లు చేరు వేళ. కాకతాళీయమందురా? నవంబరులో అమెరికా వారు గడియారమును ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. మరునాటి నుండి మాస్టారి సుప్రభాత సందేశము ఆరుంబావుకు జారును. మార్చిలో వారు ముందుకు త్రిప్పగానే మరల ఐదుంబావుకు వచ్చును. ఇచట కోడి మారలేదు, పాలవాడు మారలేదు. పొగనుబట్టి నిప్పును ఊహించుటకు తార్కికులకు ఇంతకంటె ఏమి కావలెను?

శంక: అట్లయిన కుమారునికే నేరుగా పంపవచ్చును గదా?

సమాధానము: పంపరాదు. ముప్పదియెనిమిదవ యేట తనకు షుగర్ వచ్చినదని కుమారుడు తల్లికి మాత్రమే చెప్పెను, నాన్నకు చెప్పవద్దని ఒట్టు వేయించుకొని మరీ. తల్లి ఆ రాత్రియే చెప్పెను. కావున మాస్టారికి తెలిసినది గాని, తెలిసినట్లు ఉండరాదు. నేరుగా పంపినచో తెలిసినదని తేలిపోవును. పంపకున్నచో నిద్ర పట్టదు. నలుబది మందిని అడ్డుపెట్టుకొని ఒక్కనికి చెప్పుట తప్ప గతి లేదు. ఇపుడు "ఎవరికైనా" అను పదమునకు అర్థము: మా వాడికి.

వేదము ప్రభువువలె ఆజ్ఞాపించుననియు, పురాణము మిత్రునివలె చెప్పుననియు, కావ్యము ప్రియురాలివలె ఒప్పించుననియు ఆలంకారికులు విభజించిరి. ఇంటర్మీడియట్ పూర్తియగు వరకు మాస్టారు కుమారునితో ప్రభువువలెనే పలికిరి; మిత్రునివలె పలుకుట ఏనాడును అలవాటు కాలేదు. ఇపుడు మిగిలినది, వచ్చింది వచ్చినట్టు పంపుతున్నానని పక్కకు చూచుచు చెప్పుట. దీనికి పితృసమ్మితమని పేరు పెట్టవలెను. మమ్మటునికి ఇది తట్టకపోవుట వింత కాదు. ఆయన కాలమున కొడుకులు అంత దూరము పోయెడివారు కారు.

తాత్పర్యము: ఒరేయ్, షుగర్ ఎంతుందిరా?

శంక: ఆ కుమారుడు గ్రూపును మ్యూట్‌లో పెట్టెనని వినికిడి. అట్లయిన ఈ సందేశము వ్యర్థము కాదా?

సమాధానము: పెట్టిన మాట నిజము. మ్యూట్‌కు ఎనిమిది గంటలు, ఒక వారము, ఎల్లప్పుడు అని మూడు గడువులు కలవు. అతడు ప్రతి వారము గుర్తు పెట్టుకొని ఒక వారమే ఎంచుకొనుచున్నాడు. మూడవది ఏల నొక్కడో అతని స్టేటస్‌లకు వ్రాయబోవు టీకలో చర్చింపబడును.