నెట్ పోయిందా? కంగారు పడకండి, ఇంకా చాలా పోతాయి

ముందు డబ్బా దగ్గరికి వెళ్ళండి. అదేనండీ, టీవీ వెనకాల కిందటి సంక్రాంతికి దుమ్ము దులిపి మళ్ళీ ముట్టుకోని ఆ తెల్ల డబ్బా. దాని మీద నాలుగైదు లైట్లుంటాయి. అవి పచ్చగా వెలిగినన్నాళ్ళూ మీరు వాటి మొహం చూడలేదు కనక ఏది దేనికో మీకు తెలియదు. తెలియనక్కర్లేదు కూడా. ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్ర లైటు కొట్టుకుంటోందేమో అదొక్కటి చూస్తే చాలు. కొట్టుకుంటోందంటే గాజుతీగలోంచి మీ ఇంటికి రావలసిన వెలుతురు దారిలో ఎక్కడో ఆగిపోయిందని అర్థం. ఇంట్లో కూర్చుని మీరు దానికి చేయగలిగింది ఏమీ లేదు. కాబట్టి ఎంత శ్రద్ధగా ఏమీ చేయకుండా ఉండాలో కింద వివరించాను.

డబ్బాని ఆఫ్ చేసి ఆన్ చేయడం మాత్రం మానకూడదు. ఇంటిల్లిపాదీ వరసగా చేయాలి. ఒకరు చేసింది ఇంకొకరికి చెల్లదు. మీ ఆవిడ చేస్తే "ముప్పై సెకన్లు ఆగలేదు నువ్వు" అని మీరనాలి. మీరు చేస్తే "ప్లగ్ సరిగ్గా నొక్కలేదు నాన్నా" అని అబ్బాయి అనాలి. వెనక సన్నటి కంతలో పిన్నీసు గుచ్చి నొక్కే ప్రయోగం ఒకటుంది, దాన్ని అల్లుడుగారు వచ్చినప్పటికి అట్టే పెట్టండి. అది నొక్కితే వైఫై పేరూ పాస్‌వర్డూ సహా అందులో పెట్టినవన్నీ చెరిగిపోతాయి. ఆయనైతే మనం ఏమీ అనలేం.

తర్వాత పక్కింటి తలుపు కొట్టండి. దీపావళి స్వీట్లు ఇచ్చినప్పుడు తప్ప మాట్లాడని మనుషులతో మాట కలిపే అవకాశం ఇదొక్కటే. "ఏమండీ, మీకు నెట్ వస్తోందా?" అనాలి. "లేదండీ, పొద్దున్నుంచీ లేదు" అన్నారా, మీ సమస్య సగం తీరిపోయినట్టే. నెట్ రాలేదు, నిజమే. కానీ ఆయనకీ రావడం లేదు కదా, ఆ చల్లదనం వేరు. ఇద్దరూ గుమ్మంలో నిలబడి కంపెనీని, మున్సిపాలిటీని, మొత్తంగా దేశాన్ని ఓ పావుగంట తిట్టుకోవచ్చు. "మాకు బాగానే వస్తోందే!" అన్నారంటే మాత్రం ఆ పూట అన్నం సయించదు. ఆయన పాస్‌వర్డ్ ఇస్తాననకముందే వెనక్కి వచ్చేయండి. తీసుకున్నారంటే రేపట్నుంచి ఆయన కారు మీ గేటు ముందే ఉంటుంది.

ఇక ఫిర్యాదు. కంపెనీ యాప్‌లోనే చేయాలి, దానికి నెట్ కావాలి. ఈ చిన్న ఇబ్బందిని దాటడానికి అమ్మాయి ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టించండి. ఆమెకున్నది రోజుకు రెండు జీబీలు. మీరు యాప్ తెరిచేలోపు వైఫై దొరికిందన్న సంబరంలో ఇంట్లో ఉన్న ఫోన్లూ లాప్‌టాపులూ ఎప్పట్నుంచో వాయిదా వేసుకున్న అప్‌డేట్లన్నీ మొదలెడతాయి. యాప్ తెరుచుకునేసరికి ఆ రెండూ అయిపోతాయి. అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి.

కస్టమర్ కేర్‌కి చేసేముందు కడుపునిండా తినండి. మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి స్పీకర్ ఆన్ చేసి, చిక్కుడుకాయలో గోంగూరో ముందేసుకు కూర్చుంటే కాలం వృథా కాదు. ఒక ఆడగొంతు మీ కాల్ తమకెంతో విలువైనదని చెబుతుంది. కొత్త ప్లాన్ కావాలంటే ఒకటి నొక్కమంటుంది, నొక్కితే మనిషి వెంటనే దొరుకుతాడు. బిల్లు కట్టడానికి రెండు, అక్కడా అంతే. నెట్ రావడం లేదంటే మూడు. మూడు నొక్కినవాళ్ళకి సంగీతం వినిపిస్తారు. విసుగొచ్చి ఒకటి నొక్కి కొత్త కనెక్షన్ అమ్మే కుర్రాడితో మొర పెట్టుకుందామనుకునే తెలివైనవాళ్ళున్నారు. అతను ఎంతో ఓపిగ్గా విని, మిమ్మల్ని మళ్ళీ మూడుకే బదిలీ చేస్తాడు.

ఎట్టకేలకు మనిషి గొంతు వినబడితే ఆ అమ్మాయిని తిట్టకండి. ఇది వ్యంగ్యంగా అనడం లేదు. ఆమె ముందు స్క్రీన్ మీద ఉన్నదే ఆమె చెప్పగలదు, మీ వీధిలో ఏ తీగ తెగిందో ఆ స్క్రీన్‌కి తెలియదు. "సర్, ఒకసారి రౌటర్ రీస్టార్ట్ చేయగలరా?" అంటుంది. పొద్దున్నుంచీ వంశపారంపర్యంగా చేస్తున్నామని చెప్పకుండా, కాసేపాగి "చేశానమ్మా" అనండి. "రిజిస్టర్డ్ నంబర్‌కి ఓటీపీ వస్తుంది, చెప్పండి సర్" అంటుంది.

ఇక్కడ కథ అమెరికా వెళ్తుంది. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్ళలో ఈ కనెక్షన్ అబ్బాయి పేరు మీదే ఉంటుంది. కిందటిసారి సెలవులకొచ్చినప్పుడు అమ్మానాన్నలకి వీడియో కాల్ బాగా రావాలని తనే దగ్గరుండి పెట్టించాడు. నంబరూ తనదే ఇచ్చాడు, బ్యాంకు ఓటీపీల కోసం డాలస్‌లో ఇంకో ఫోన్‌లో వేసి ప్రాణాలతో ఉంచిన ఇండియా సిమ్. మీరు పొద్దున పదకొండుకి కస్టమర్ కేర్‌తో మాట్లాడుతుంటే, ఎండాకాలమైతే అతనికక్కడ అర్ధరాత్రి పన్నెండున్నర. వాట్సాప్ కాల్ చేద్దామంటే నెట్ లేదు. మామూలు ఐఎస్‌డీ కాల్ చేస్తే, ఆ వేళప్పుడు ఇండియా నుంచి ఐఎస్‌డీ వచ్చిందనగానే "నాన్నకేమైంది?" అంటూనే ఎత్తుతాడు. ఏమీ కాలేదు, ఓటీపీ చెప్పరా అంటే ఒక నిమిషం పాటు ఏమీ మాట్లాడడు. ఇంతలో ఓటీపీ గడువు దాటిపోతుంది. అమ్మాయి సారీ సర్ అని ఇంకొకటి పంపుతుంది.

ఆ గండం గట్టెక్కితే మీకో టికెట్ నంబరు వస్తుంది. పన్నెండంకెలో ఎంతో ఉంటుంది, క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. సాయంత్రానికి ఇంకో మెసేజ్: మీ సమస్య పరిష్కరించబడినది, సంతృప్తి చెందారా, ఐదు నక్షత్రాలకు ఎన్నిస్తారు. డబ్బా మీద ఎర్ర లైటు అలాగే ఉంటుంది. ఖంగు తినకండి. కంపెనీ లెక్కలో నెట్ రావడమొక పని, కంప్లెయింట్ మూసేయడం ఇంకో పని. రెండో దానికే గడువుంటుంది. ఇదొక్కటి అర్థమైతే రక్తపోటు మందు సగానికి తగ్గించుకోవచ్చు.

మీ ఒప్పుదల లేకుండా మూసేస్తున్నారని గోలెక్కువై, ఈమధ్య కొన్నిచోట్ల 'హ్యాపీ కోడ్' అని పెట్టారు. పని పూర్తయి మీరు సంతోషించాక మీ ఫోన్‌కొచ్చిన నాలుగంకెలు వచ్చినవాడికి చెప్పాలి. ఆలోచన బాగుంది. ఆచరణలో ఏమైందంటే, రావలసినవాడు రాకముందే ఫోన్ చేస్తాడు. "సార్, ఆ కోడ్ చెప్తే కంప్లెయింట్ ఓపెన్ అయితది, అప్పుడొస్త." చెప్పారా, మీరు ఆనందంగా ఉన్నారని కంపెనీ దస్త్రాల్లో శాశ్వతంగా నమోదవుతుంది.

చట్టం తెలిసినవాళ్ళకి వేరే దారి ఉంది. 2006లోనే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ బ్రాడ్‌బ్యాండ్ నాణ్యతకు నిబంధనలు పెట్టింది, నూటికి తొంభై లోపాలు మర్నాటి పనిదినానికల్లా బాగుచేయాలని అప్పట్లో అంది. మీది మిగతా పదిలోది. 2012 నిబంధనల ప్రకారం కంపెనీ చెప్పింది నచ్చకపోతే పైన అప్పీలు చేసుకోవచ్చు, ముప్పై తొమ్మిది రోజుల్లో తేలుస్తారు. నలభై అనకపోవడంలోనే వినియోగదారుడి మీద వాళ్ళ దయ కనిపిస్తుంది. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ చెప్పుకోవచ్చు, ఇది మాత్రం నిజంగా పనికొచ్చే నంబరు, పొరపాటున ఈ వ్యాసంలోకి వచ్చింది. స్పీడు తక్కువని వాదించేముందు ఇంకోటి తెలుసుకోండి. మనదేశంలో 2004లో 256 కేబీపీఎస్ వస్తే బ్రాడ్‌బ్యాండ్ అన్నారు. 2023లో దాన్ని రెండు ఎంబీపీఎస్‌కి పెంచారు. మీరు వందకు డబ్బు కట్టి మూడు అందుకుంటున్నా ప్రభుత్వ నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ భాగ్యవంతులే.

ఇక అసలు మనిషి దగ్గరికొద్దాం. పై మెట్లన్నీ ఎక్కకుండా నేరుగా ఇక్కడికే రావచ్చు, అనుభవజ్ఞులంతా అదే చేస్తారు. మీ ఫోన్‌లో 'నెట్ అబ్బాయి' అని ఒక నంబరుండాలి. లేకపోతే కిరాణా కొట్టాయన్నో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో అడగండి. ఈ అబ్బాయి కంపెనీ ఉద్యోగి కాడు, కంపెనీ ఎవరికో ఇచ్చిన పనిని వాళ్ళు ఇంకెవరికో ఇస్తే, ఆ ఇంకెవరి దగ్గరో చేస్తాడు. ఇంటర్నెట్ అనే పదార్థం సముద్రాల అడుగున ఎంత దూరం వచ్చినా మీ వీధి చివర ఇతని బండి పెట్రోల్ మీద ఆధారపడుతుంది. గాజుతీగలో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. విజయవాడ నుంచి హైదరాబాద్ రావడానికి దానికి సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ చాలు. నెట్ అబ్బాయి పక్క కాలనీ నుంచి రావడానికి సాయంత్రమవుతుంది.

అతన్ని 'ఏయ్' అనకండి. 'తమ్ముడూ' అనండి. దసరా మామూలు అడగకముందే ఇవ్వండి. "అన్నా, మీ ఒక్కరిది కాదు, మెయిన్‌ల కట్టయింది. జేసీబీవాళ్ళు తవ్విన్రు. అర్ధగంటల అయితది" అంటే నమ్మండి. అర్ధగంట మాట నమ్మక్కర్లేదు, జేసీబీ మాట నమ్మండి. మన ఊళ్ళలో మంచినీళ్ళ పైపు వేయడానికి డ్రైనేజీని, డ్రైనేజీ బాగుచేయడానికి కేబుల్‌ని, కేబుల్ వెయ్యడానికి కొత్తగా వేసిన రోడ్డుని తవ్వుతారు. ఎవరూ ఖాళీగా ఉండరు.

అతను తెగిన తీగ అతికేటప్పుడు దగ్గర నిలబడి చూసే అవకాశం వస్తే వదులుకోకండి. బండి సీటు మీద టిఫిన్ డబ్బా అంత యంత్రం పెట్టుకుంటాడు. తీగ మీది నల్ల తొడుగు ఒలిచి, లోపలి రంగు పూత గీకేస్తే మిల్లీమీటర్‌లో ఎనిమిదో వంతు మందాన గాజు బయటపడుతుంది. స్పిరిట్ తడిపిన టిష్యూతో తుడుస్తాడు. కొసని ఓ చిన్న పరికరంలో పెట్టి టక్కున కోస్తాడు. అవతలి కొసకీ అంతే. రెండింటినీ ఎదురెదురుగా పెట్టి మూతేస్తే స్క్రీన్ మీద రెండు గీతలు మెల్లగా జరిగి దగ్గరకొస్తాయి, చిన్న మెరుపు, అంతే, అతుకు ఎక్కడుందో తెలియదు. కింద 0.02 అని పడుతుంది. ఆ అతుకు దగ్గర పోయే వెలుతురు అంతేనని చెప్పి, కంటికానని గాజుముక్కల్ని చర్మంలో దిగకుండా టేపుకి అంటించి చుట్టేస్తాడు. ఇదంతా ఎండలో, ఆటోలు హారన్ కొడుతుండగా, చెవికీ భుజానికీ మధ్య ఇరికించిన ఫోన్‌లో ఇంకో ఇంటావిడ తిడుతుండగా చేస్తాడు. నెలకి అతనికెంతొస్తుందో ఎవరూ అడగరు. మీ ఇంట్లో వర్క్ ఫ్రమ్ హోం చేసే అబ్బాయికెంతో వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

స్తంభాల మీద వేలాడే ఆ తీగల మేటల గురించి ఒక్క మాట, ఇది నవ్వడానికి కాదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయాక, హైదరాబాద్‌లో కరెంటు వాళ్ళు స్తంభాల మీది కేబుళ్ళను కోసేశారు. కాలనీలకు కాలనీల్లో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకెళ్ళింది. అప్పుడు కూడా జనం మొదట తిట్టింది నెట్ అబ్బాయినే. తీగలు భూమిలోంచి వెయ్యాలన్నది ఎన్నాళ్ళుగానో అంటున్న మాట. భూమిలో వేస్తే జేసీబీ ఉంది కదా అని కంపెనీలు, స్తంభాల మీదుంటే మేం కోస్తాం అని కరెంటు వాళ్ళు. మధ్యలో ఉన్నది గాలి ఒక్కటే.

సరే, నెట్ వచ్చింది. పండగ చేసుకోకముందే స్పీడ్ టెస్ట్ పెట్టండి, రౌటర్‌కి ఆనుకుని కూర్చుని. మీకిస్తానన్న వంద ఉన్నది మెగాబిట్లలో, ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర మెగాబైట్లు. ఈ భాగహారం ప్రకటనల్లో ఉండదు. పడగ్గదిలో ఎందుకు రాదంటే మధ్యలో గోడలున్నాయి కనక. ఇల్లు కట్టేటప్పుడు వాస్తు పండితుణ్ణి అడిగి అన్నీ చేశారు, రౌటర్ ఏ మూల ఉండాలో అడగలేదు. కంపెనీవాళ్ళు ఇంకో డబ్బా అమ్ముతారు. కొనండి, ఎర్ర లైటు వచ్చినప్పుడు ఆఫ్ చేసి ఆన్ చేయడానికి ఇంట్లో ఇంకొకరికి పని దొరుకుతుంది.

ఇవన్నీ భరించలేక కంపెనీ మార్చేస్తానంటారా? నిక్షేపంగా మార్చండి. మొదటి నెల ఫ్రీ, ఇన్‌స్టలేషన్ ఫ్రీ, ఏవో పది ఓటీటీలు ఫ్రీ. ఫోన్ చేసిన గంటలో మనిషొస్తాడు, అమ్మేటప్పటి వేగం నిజమైనదే. తలుపు తీస్తే ఎదురుగా కొత్త కంపెనీ టీషర్టు వేసుకుని నెట్ అబ్బాయే నిలబడి ఉంటాడు. "అన్నా, మీరేనా!" అని నవ్వి, దారి అడక్కుండానే టీవీ వెనక్కి వెళ్తాడు. గోడకి కొత్త కంత కూడా వేయడు, పాతదాంట్లోంచే తీగ లాగి, కొత్త డబ్బా బిగించి, పచ్చ లైటు చూపించి, చెప్పులేసుకుంటూ ఆగుతాడు.

"అన్నా, ఎట్లాగూ మారిన్రు గద, ఆ పాత కంప్లెయింట్ ఇంకా నా పేరు మీదనే ఉంది. దాని హ్యాపీ కోడ్ గూడ చెప్పున్రి, క్లోజ్ చేస్త."