క్యారమ్ బోర్డు మీది దీపం

నేను దీపం టోపీని. ముంబయి కామాటిపురాలో ఒక పాత చాల్ కింది నడవలో, క్యారమ్ బోర్డుకు సరిగ్గా నడినెత్తిన వేలాడుతుంటాను. మొదట నూనె డబ్బాను. మేస్త్రి తాత ఆ రేకును కోసి, వంచి, లోపల తెల్లరంగు కొట్టి, పైన చిల్లు చేసి హోల్డర్ బిగించాడు. వెలుగంతా బోర్డు మీదే పడాలి. ఆడేవాళ్ళ కళ్ళలో పడకూడదు, చేతి నీడ కాయిన్ల మీద వాలకూడదు. ఇందుకోసం తాత నా తీగను ఎన్నిసార్లు కిందికీ మీదికీ జరిపాడో!

తాతది పాలమూరు వైపు పల్లె. వయసులో బొంబయి బస్సెక్కి వచ్చి తాపీ పట్టాడు. ఇక్కడి గదులు చిన్నవి. ఒక్కో గదిలో ఇంటిల్లిపాదీ ఉంటే మగవాళ్ళు పనినుంచి వచ్చి కాళ్ళు చాపుకునేది నడవలోనే. అక్కడ పట్టే ఆట క్యారమే. కొంచెం పౌడరు, ఒక స్ట్రయికరు, తొమ్మిది నల్లవి, తొమ్మిది తెల్లవి, ఒక ఎర్రది, అంటే రాణి. ఆడేది నలుగురైతే చుట్టూ నిలబడి మాట్లాడేది పాతికమంది. బోర్డు కన్నా ఆ మాటలను సంబాళించడమే పెద్ద పని. ఆ పని తాత చేసేవాడు. నా స్విచ్చు ఆయన కుర్చీ పక్కనే గోడకు ఉండేది.

ఎక్కువ రచ్చ లెక్కల దగ్గరే. గల్లీ లెక్కలో నల్లకు పది, తెల్లకు ఇరవై, ఎర్రకు యాభై. టోర్నమెంట్లకు పోయి వచ్చినవాళ్ళు దాన్ని ఒప్పుకోరు. వాళ్ళ లెక్కలో ఏ కాయిన్‌కైనా ఒకటే పాయింటు, రాణికి మూడు, 25 పాయింట్లకు గేమ్. "ఇంటర్నేషనల్ ఫెడరేషనే ఉంది, 1988ల చెన్నైల పెట్టిన్రు, దాని రూలే రూలు" అని ఒక పోస్టాఫీసు గుమాస్తా రూళ్ళ పుస్తకం పట్టుకొచ్చి వాదించేవాడు. "మా నాయన ఇట్లనే ఆడిండు, మేం గిట్లనే ఆడ్తం" అని హమాలీలు. తాత ఎవరినీ తప్పు పట్టలేదు. "ఏ లెక్కనో స్ట్రయికరు ముట్టకముందే చెప్పుండ్రి. ముట్టినంక మాట్లాడొద్దు" అన్నాడు. ఆ ఒక్క మాటతో సగం జగడాలు పోయాయి. మిగిలిన సగానికి మనుషులే కారణం, రూళ్ళు కాదు.

ఒక వానాకాలం రాత్రి సంగతి చెప్తాను. ముంబయి వానకు చెక్క చెమ్మగిల్లుతుంది, పౌడరు ముద్దవుతుంది, కాయిన్ సగం దూరం పోయి ఆగిపోతుంది. అప్పుడు నాలోని వంద వాట్ల బల్బు దీపమే కాదు, పొయ్యి కూడా. ఆట మొదలుకు చాలా ముందే నన్ను వెలిగించి బోర్డు ఆరబెట్టేవాళ్ళు. ఆ రాత్రి ఒకాయన స్ట్రయికర్ని పెట్టి కొట్టాడు, రాణి పడింది, వెనకే దానికి కవరుగా ఇంకో కాయినూ పడింది. "గీత తాకలే, ఫౌల్!" అని అవతలివాడు లేచాడు. స్ట్రయికరు రెండు గీతలనూ తాకి ఉండాలి. నేను పైనుంచి చూశాను. లోపలి గీతకూ స్ట్రయికరుకూ నడుమ వెంట్రుకవాసి తెల్లటి సందు. చెప్పడానికి నాకు నోరు లేదు. ఇద్దరూ తాతను అడిగారు. "నేను అటు చూడలే. చూడంది చెప్ప. రాణిని నడుమ పెట్టి, కవరును దాని జాగల పెట్టి, మళ్ళ కొట్టుండ్రి" అన్నాడు. ఇంతలో గుంపులోంచి ఎవడో తల్లిని ఎత్తి తిట్టాడు. తాత "చేతులెనక్కి!" అని కేక వేశాడు. అందరూ చేతులు వెనక్కి పెట్టుకున్నాక టక్కున నన్ను ఆర్పేశాడు. చీకట్లో కాయిన్లు ఎవరూ ముట్టకూడదు, ఎవరి మొహమూ ఎవరికీ కనపడదు. వాన చప్పుడు, ఊపిర్లు. తిట్టినవాడు తనంతట తానే "తప్పైంది అన్నా" అనేదాకా నేను వెలగలేదు.

ఇలా కూర్చుని మాట్లాడుకోవడం ఈ గల్లీలకు కొత్త కాదని తాత చెప్పేవాడు. జోతిబా ఫూలే 1873లో పుణెలో సత్యశోధక్ సమాజ్ పెడితే, బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్ళలో రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు లాంటి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారు. "మనోళ్ళు కులం గురించి, సదువు గురించి కూసోని మాట్లాడిన్రు. మనం ఒక ఎర్ర బిళ్ళ గురించి తిట్టుకోకుంట మాట్లాడలేమా?" అనేవాడు. ఆ ప్రశ్న ఆయన ఊరికే అడగలేదు, నిజంగానే అడిగేవాడు.

ఆ గల్లీలో అందరికన్నా బాగా ఆడే ఒకతని గురించీ చెప్పాలి. రీబౌండ్‌లో అతని గురి చూడటానికి పక్క గల్లీలవాళ్ళు వచ్చేవాళ్ళు. కానీ ఊరినుంచి కొత్తగా వచ్చిన పిల్లలు స్ట్రయికరు పడితే చాలు, వాళ్ళ యాసను, వాళ్ళ వేళ్ళను ఎక్కిరించేవాడు. వాళ్ళు ఒకసారి ఆడి మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. తాత అతన్ని నలుగురిలో ఏమీ అనలేదు. మెట్ల దగ్గరికి తీసుకుపోయి చెప్పాడు, మళ్ళీ చెప్పాడు. వినకపోతే ఒకరోజు "నువ్వింక రాకు తమ్మీ" అన్నాడు. ఆట చప్పబడింది. చాలామంది తాత మీద గుర్రుగా ఉన్నారు. అతను తిరిగి రాలేదు, తాత పిలవలేదు. ఆ వెలితి ఆయనకూ తెలుసు. కొన్నాళ్ళు బోర్డు వైపు చూడకుండా కూర్చునేవాడు. అయినా అది సరైన పనే అని నేనంటాను. ఎందుకంటే ఆ తర్వాతే నా వెలుగులోకి కొత్త చేతులు వచ్చాయి. తాపీ సున్నం గోళ్ళలో ఆరని చేతులు, బీడీల వాసన చేతులు, ఒక ఆడపిల్ల చేతులు.

ఆ పిల్ల మూడో అంతస్తుది. 2016లో బర్మింగ్‌హామ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఆడవాళ్ళ సింగిల్స్ హైదరాబాద్ అపూర్వ గెలిచింది, మగవాళ్ళ సింగిల్స్ ముంబయి ప్రశాంత్ మోరే గెలిచాడు. ఆ వార్త పేపర్లోంచి చింపి తెచ్చి తాత చేతికిచ్చి, "నేనూ ఆడ్త తాతా" అంది. నడవలో మగవాళ్ళ మధ్య ఆడపిల్లేంటని గొణిగారు. తాత ఆ కాగితాన్ని అన్నం మెతుకులతో గోడకు అతికించి, "లైన్ల నిలబడు బిడ్డా" అన్నాడు. ముందు ఉన్నవాళ్ళను దాటనివ్వలేదు, వెనక ఉన్నవాళ్ళను తోయనివ్వలేదు.

తాత కళ్ళు మసకబారి ఊరికి పోయాక స్విచ్చు ఆ పిల్ల చేతికొచ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. నాలో బల్బు కూడా మారింది. ఎల్‌ఈడీకి కరెంటు ఆదా అవుతుంది, కానీ వేడి లేదు. వానాకాలంలో బోర్డును ఇస్త్రీపెట్టె కాచి ఆరబెడుతున్నారు. ఆమె పద్ధతి కూడా వేరు. నన్ను ఆర్పదు. ఆట ఆపి, "ముందు నువ్వు చెప్పు. నువ్వు ఆగు, తర్వాత నీదే" అంటుంది. దానికి టైం ఎక్కువ పడుతుంది. తాత దగ్గరైతే తిట్లు ఆగేవి. ఈమె దగ్గర అలిగినవాడు కూడా తన మాట చెప్పి కూర్చుంటున్నాడు. రెండూ చూసిన నాకు ఇదే నచ్చింది.

మొన్న బొటనవేలి గొడవ వచ్చింది. బొటనవేలితో కొట్టడం ఫెడరేషన్ ఒప్పుకున్న దెబ్బే, మా నడవలో మాత్రం పెద్దలు ఒప్పుకోరు. ఊరినుంచి వచ్చిన ఓ పిల్లగాడు బొటనవేలు ఆనించగానే ఒక పెద్దాయన "ఇది ఈడ నడ్వదు" అన్నాడు. ఆమె ఆట ఆపింది. పెద్దాయనను చెప్పమంది, పిల్లగాణ్ణి చెప్పమంది. వాడు నోరు విప్పడానికి చాలాసేపు పట్టింది. చిన్నప్పుడు చూపుడువేలు విరిగిందట, వంగదట. చెయ్యి తెచ్చి నా వెలుగులో చూపించాడు. పెద్దాయన వంగి చూశాడు.

"అట్లైతే ఆడనీ" అన్నాడు.

"వానికొక్కనికే కాదు కాకా, అందరికీ నడుస్తది. వచ్చే గేమ్ నుంచి" అంది ఆమె. గోడ మీద రాసి ఉన్న మా నడవ రూళ్ళ కింద సుద్దతో ఆ మాట రాసి, కాయిన్లు పేర్చమంది.